ముందు ఆ బల్బు ఆర్పండి, ఎర సంగతి తర్వాత

మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. అమలాపురం దగ్గర పల్లె, డాబా మీది గది, సుమారు ఏడాది వయసున్న అమెజాన్ ట్రీ బోవా, అంటే చెట్ల కొమ్మల మీద బతికే పాము. వచ్చి తొమ్మిది రోజులైనా ఏమీ తినలేదని మీ దిగులు. మూడుసార్లు చిట్టెలుకను చూపించారు. మూడుసార్లూ నోరు తెరిచి మీదికి దూకిందే తప్ప పట్టుకోలేదు. గాజు తొట్టెలో పగలు 35 డిగ్రీలు, అందులో 60 వాట్ల బల్బు రాత్రింబవళ్లు వెలుగుతోంది. అమ్మగారు పాలు పోయమంటున్నారు, బాబాయిగారు వరిచేలో ఎలుకను పట్టి తెస్తానంటున్నారు.

ఇక్కడితో చదవడం ఆపి, ముందు వెళ్లి ఆ బల్బు ఆర్పి రండి.

మీరు అనుసరించిన సూచనలు చలిదేశాల వాళ్లు రాసుకున్నవి. వాళ్ల గదిలో 18 డిగ్రీలు ఉంటే పాముకు వేడి ఎలా అందించాలన్నదే వాళ్ల తాపత్రయం. ఏప్రిల్ నెలలో కోనసీమలో శ్లాబు కింద గదిలో ఉన్నవాళ్లకు ఆ బాధ లేదు. మన బాధ దానికి పూర్తిగా ఎదురుది. నేను గోదావరి జిల్లాల్లో పద్నాలుగేళ్లుగా ఈ జాతి పాముల్ని పెంచుతున్నాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఇదే: మన డెల్టా గాలిలో ఈ పాముకు కావలసిన తేమ ఊరికే దొరుకుతుంది, కానీ మన వేడీ, కదలని గాలీ దాన్ని చంపగలవు. పెంచేవాడి పని అంతా వేడిని తగ్గించడం, గాలి ఆడనివ్వడం, తన చేతులు తన దగ్గరే ఉంచుకోవడం. ఈ మూడూ కుదిరితే ఆకలి దానంతట అదే వస్తుంది.

ఈ జాతి పుట్టిల్లు దక్షిణ అమెరికా. కొలంబియా, వెనెజులా మొదలుకొని బ్రెజిల్, పెరూ, బొలీవియా దాకా అడవుల్లో, ముఖ్యంగా ఏటి ఒడ్డు చెట్ల కొమ్మల మీద ఉంటుంది. పగలంతా ఆకుల మాటున చుట్టుకుని పడుకుని రాత్రి వేటకు దిగుతుంది. ఎండ నేరుగా తగలని చోటు అది. తొట్టెలో పగలు 27 నుంచి 29 డిగ్రీలు, పై కొమ్మ దగ్గర 30 లేదా 31, రాత్రి 23 నుంచి 25 ఉంటే దానికి హాయి. వేసవి రాత్రుల్లో మనకు 28 కంటే తగ్గకపోవచ్చు. గాలి ఆడుతూ ఉంటే దాన్ని తట్టుకుంటుంది. 33 దాటితే మాత్రం ఇబ్బంది మొదలవుతుంది. 35 డిగ్రీలు గంటల తరబడి నిలిస్తే ప్రాణానికే ముప్పు.

ఎర పట్టకపోవడానికీ ఈ వేడికీ నేరుగా సంబంధం ఉంది. మీ పాము పెదవుల వెంట చిన్న చిన్న గుంటలు వరుసగా ఉంటాయి, గమనించారో లేదో. చీకట్లో అది ఎరను చూసేది చాలావరకు వాటితోనే. వెచ్చని శరీరానికీ చుట్టూ ఉన్న గాలికీ గోడకీ మధ్య తేడాను అవి పసిగడతాయి. తొట్టెలో 35 డిగ్రీలు, వెనక మండే బల్బు, ముందు గోరువెచ్చని చిట్టెలుక. ఇక తేడా ఎక్కడుంది? దాని కంటికి ఎర కనిపించలేదు. మీ చెయ్యి మాత్రం కనిపించింది, అందుకే దూకింది.

ఆ దూకడాన్ని ఆకలి అనుకోకండి. భయంతో కొట్టే పాము నోరు బార్లా తెరిచి, కొట్టి, మెరుపులా వెనక్కి లాక్కుంటుంది. ఆకలితో ఉన్న పాము అలా చేయదు. రాత్రివేళ తోకతో, వెనక సగంతో కొమ్మను పట్టుకుని, ముందు సగాన్ని కిందికి వేలాడదీసి, మెడను మెలికలా మడిచి, గంటల తరబడి కదలకుండా ఉంటుంది. అది మాటు వేసిన పాము. ఆ భంగిమ మీకు కనిపించే దాకా ఎర తీయనక్కరలేదు.

ఇప్పుడు చోటు మార్చండి. పై గది వద్దు. పగలంతా కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా వేడి దించుతూనే ఉంటుంది. కింది అంతస్తులో ఉత్తరం వైపు గది చూడండి. ఇంటి పక్కన పాత పెంకుటిల్లు ఉండి, దానికి గట్టి తలుపు, తాళం ఉంటే అది ఇంకా మంచిది. తొట్టె మూత బదులు సన్నని స్టీలు జాలీ, వీలైతే ఒక పక్క కూడా జాలీ పెట్టించండి. నాలుగు వైపులా గాజు ఉంటే లోపలి ఉక్క బయటికి పోదు. గదిలో ఫ్యాను తిరగనివ్వండి, కానీ నేరుగా పాము మీదికి కాదు. కూలర్ కొనమని ఎవరైనా అంటే వినకండి. అనంతపురం ఎండకు పనిచేసే కూలర్ మన ఉక్కపోతకు పనిచేయదు. గాలిలో ఇప్పటికే నీరు నిండి ఉన్నప్పుడు తడి ఆరి చల్లబడటమన్నది జరగదు. మే నెలలో మరీ భరించలేని మధ్యాహ్నం నీళ్ల సీసాను గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, జాలీ మీద ఒక మూల పెట్టండి. పాముకు కావాలంటే ఆ వైపు వస్తుంది, వద్దంటే దూరంగా పోతుంది. ఎంచుకునే వీలు దానికి ఉండాలి, అది ముఖ్యం.

వేడి పెట్టాల్సిన రోజులు మనకు లేవని కాదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 20 కంటే తగ్గినప్పుడు తక్కువ వాట్ల వెలుగులేని హీటరును జాలీ బయట, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌తో కలిపి పెట్టుకోవచ్చు. తొట్టె లోపల మాత్రం ఏ బల్బూ వద్దు. చుట్టుకుని కాల్చుకుంటుంది.

దోమల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర కాయిల్ వెలిగించని ఇల్లు అరుదు. పాము ఉన్న గదిలో కాయిల్, ద్రవపు మందు, స్ప్రే ఏవీ వద్దు. వాటిలోని మందులు పాముల ఒంటికి పడవు. మీరు ఆ గదిలో పడుకుంటే దోమతెర కట్టుకోండి. సాంబ్రాణి పొగ కూడా ఆ వైపు రానివ్వకండి.

లోపల ఏర్పాటుకు పెద్ద ఖర్చేమీ లేదు. ఎండిన జామ కొమ్మలు మూడు తెచ్చి, పాము నడుము లావుకు దగ్గరగా ఉన్నవి ఎంచి, అడ్డంగా, కదలకుండా బిగించండి. ఏటవాలు కొమ్మ మీద ఇది సుఖంగా పడుకోలేదు, వేలు లావు పుల్ల మీద కూడా నిలవలేదు. గన్నేరు, జిల్లేడు దగ్గరికి రానివ్వకండి. పై కొమ్మ చుట్టూ మనీ ప్లాంట్ తీగగానీ ప్లాస్టిక్ ఆకులుగానీ దట్టంగా అల్లండి. తొట్టె మూడు పక్కలా బయటినుంచి కాగితం అంటించండి. అడుగున వార్తాపత్రిక చాలు. కోనసీమలో ఉంటూ కొబ్బరి పొట్టు వాడకపోవడం ఏమిటని మీకు అనిపించవచ్చు. అది మంచిదే, కానీ మొదటి రెండు నెలలు వద్దు. తెల్ల కాగితం మీద రెట్ట, పేలు, రక్తపు చుక్క ఏదైనా వెంటనే కనిపిస్తాయి. తర్వాత వాడినా రెండు మూడు సార్లు మంచినీటితో కడిగి పిండాకే వాడండి, పీచు ఊరిన నీళ్లలో ఉప్పు ఉండవచ్చు.

ఉప్పు అన్నాను కాబట్టి నీళ్ల సంగతి. సముద్రం వైపు మండలాల్లో బోరు నీరు చప్పగా ఉండదు. మీ బోరు నీటిని పాము మీద చల్లితే గాజు మీద తెల్లని మచ్చలు పడతాయి, అదే పొర దాని ఒంటి మీదా పడుతుంది. ఇంట్లో తాగడానికి వాడే క్యాను నీళ్లే దానికీ వాడండి. గిన్నెలో నీళ్లు పెట్టండి, కానీ అది గిన్నెలో తాగుతుందని ఎదురుచూడకండి. సాయంత్రం చీకటి పడ్డాక సన్నని జల్లు కొడితే తన చుట్ల మీద నిలిచిన చుక్కల్ని తానే తాగుతుంది. మొదటిసారి అది తల దించి తన ఒంటిమీది నీళ్లు తాగడం చూసినప్పుడు నేను టార్చి పట్టుకుని ఎంతసేపు నిలబడిపోయానో చెప్పలేను. జల్లు కొట్టింది మర్నాడు మధ్యాహ్నానికి పూర్తిగా ఆరిపోవాలి. ఆరకపోతే తగ్గించండి. వానాకాలంలో చాలా రోజులు జల్లు అక్కరే ఉండదు. ఎప్పుడూ తడిగా ఉండే తొట్టెలో పొట్ట పొలుసుల మీద పొక్కులు లేస్తాయి, ఊపిరితిత్తులు చెడతాయి.

ఇదంతా ఒక్క పూటలో ముగించి, తలుపు వేసి, పద్నాలుగు రోజులు దాన్ని వదిలేయండి. పట్టుకోవద్దు, ఎర చూపించవద్దు. నీళ్లు మార్చండి, రెట్ట ఉంటే కాగితం మార్చండి, అంతే. మీ ఊళ్లో సంగతి తెలిసి జనం చూడటానికి వస్తున్నారని రాశారు. మర్యాదగా వద్దని చెప్పండి. గాజు అవతల తిరిగే ప్రతి మనిషీ దాని లెక్కలో దాన్ని తినడానికి వచ్చిన జంతువే. ఏడాది పిల్ల రెండు మూడు వారాలు తినకపోతే ఏమీ కాదు. వంటింటి డిజిటల్ కాటా మీద మూత ఉన్న డబ్బాలో పెట్టి ఈ రోజే ఒకసారి బరువు తూచండి, తర్వాత తొలి ఎర రోజున. పది శాతం కంటే ఎక్కువ తగ్గితే అప్పుడు ఆలోచిద్దాం.

ఈలోగా అమ్మినవాళ్లను ఒక్క విషయం కచ్చితంగా అడగండి. అది చివరిసారి ఏ తేదీన, ఏమి తిన్నది, ఎంత సైజు, బతికి ఉన్నదా గడ్డకట్టించి కరిగించినదా? ఈ జాతి పిల్లలు అడవిలో కప్పలు, బల్లులు తింటాయి. పెద్దవయ్యాక పక్షులు, గబ్బిలాలు, ఎలుకల వైపు మళ్లుతాయి. కొన్నింటికి చిట్టెలుక ఆహారమని తెలియడానికే కాలం పడుతుంది.

పదిహేనో రాత్రి తర్వాత, పాము మాటు వేసి కనిపించిన రోజున, తొమ్మిది దాటాక ఎర పెట్టండి. గడ్డకట్టించిన చిట్టెలుకను పొద్దుటే ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. రాత్రి పాలిథిన్ కవరులో పెట్టి వేడినీళ్లలో పావుగంట ఉంచండి, లోపలి దాకా వెచ్చబడాలి. పొడిగుడ్డతో తుడవండి. సైజు పాము నడుము లావు మించకూడదు, తొలి ఎర అంతకంటే కొంచెం చిన్నదైనా నష్టం లేదు. గదిలో దీపం ఆర్పి, నడవలోని వెలుగు మాత్రం ఉంచండి. అడుగు పొడవైన పటకారుతో తోక మొదలు దగ్గర పట్టుకుని, పాము తలకు కొంచెం ముందు, కొంచెం కింద, జానెడు దూరంలో మెల్లగా కదిలించండి. మొహానికి తాకించకండి. నాలుక ఆడిస్తూ తల నెమ్మదిగా ఎరవైపు తిరిగితే మీరు గెలిచినట్టే. పట్టుకోగానే మీరు రాయిలా ఉండిపోవాలి. చుట్టు బిగించాక పటకారు వదిలి, తలుపు మూసి, వెళ్లిపోండి. తలకిందులుగా వేలాడుతూనే మింగుతుంది, అది చూడాలనే కోరికను ఈసారికి అణచుకోండి.

కొన్ని ఎరను పట్టించుకోవు. అప్పుడు ఎర ముక్కుతో పాము ఒంటి నడిభాగాన్ని మెత్తగా తాకించవచ్చు. చిరాకుతో కరిచి, నోట్లో పడ్డాక ఆహారమని గుర్తించి చుట్టేస్తుంది. రెండుసార్లకు మించి ప్రయత్నించకండి. మళ్లీ వారం ఆగి చూడండి. మూడోసారికీ వద్దంటే పక్షి వాసన ఒక మార్గం. ఆరోగ్యంగా ఉన్న పెరటి కోడి ఈకతో చిట్టెలుకను బాగా రుద్ది పెట్టండి, చాలా మొండి పాములు దీనికి లొంగుతాయి. తణుకు, అనపర్తి వైపు కోళ్ల పరిశ్రమ వల్ల కోడిపిల్లలు దొరకడం తేలికే. అయినా వాటినే రోజువారీ ఆహారం చేయకండి, రెట్ట పలచనవుతుంది, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఉంది. 2025 ఫిబ్రవరిలో తణుకు ప్రాంతంలో బర్డ్ ఫ్లూ బయటపడినట్లుగా ఎప్పుడైనా వార్త వస్తే ఈకలు కూడా ముట్టకండి.

పాము వదిలేసిన ఎరను తెల్లవార్లూ తొట్టెలో ఉంచకండి. రెండు గంటలు చాలు. మన వేడికి అది చెడిపోతుంది, అంతకంటే ముందు చీమల బారు వస్తుంది. కుట్టే ఎర్రచీమలు చుట్టుముడితే ఆ చిన్న తొట్టెలో పాము పారిపోయే చోటు ఉండదు. మన ఇళ్లలో తినుబండారాల బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెడతారు కదా, తొట్టె బల్లకూ అలాగే పెట్టండి.

తిన్నాక మూడు రోజులు తాకవద్దు. ఈ వయసులో పది రోజులకొకటి, పెద్దదయ్యాక మూడు వారాలకొకటి చాలు. సన్నగా ఉంది కదా అని ఎక్కువ పెట్టేవాళ్లు చాలామంది. సన్నగా ఉండటమే దాని తీరు. కళ్లు పాలరంగుకు తిరిగితే కుబుసం విడిచే దాకా ఎర పెట్టకండి.

ఇక బాబాయిగారి ఎలుక. మన వరిచేలలో ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడయోలోన్ మందులు పెడతారు, ఇది మీకు నాకంటే బాగా తెలుసు. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టే గుణం పోయి, కొన్ని రోజులు తిరిగాక చస్తుంది. ఆ రోజుల్లో చురుగ్గా కనిపించే ఎలుకే బుట్టలో పడుతుంది. దాన్ని మింగిన పాముకూ అదే గతి పట్టవచ్చు. మందు లేకున్నా పురుగులుంటాయి, పట్టేవాళ్లకు ఎలుక జ్వరం భయమూ ఉంది. పైగా బతికి ఉన్న ఎలుక పామును తిరిగి కొరుకుతుంది, కన్ను పోయిన పామును నేను చూశాను. పెరట్లో కప్పలూ బల్లులూ కూడా వద్దు, వాటి పొట్టలోని పురుగులు దీనికి అంటుకుంటాయి. పెంచిన తెల్ల చిట్టెలుకలే, గడ్డకట్టించినవే వాడండి.

అమ్మగారికి మాత్రం నెమ్మదిగా చెప్పండి. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే చేతులు అవి, ఆ ప్రేమను తప్పు పట్టలేం. కానీ పాము పాలను అరిగించుకోలేదు. దాహంతో అలమటిస్తే ఏ ద్రవమైనా తాగుతుంది, తర్వాత జబ్బు పడుతుంది. సాయంత్రం జల్లు కొట్టే పని ఆమెకు అప్పగించండి. మా ఇంట్లో అలాగే జరిగింది.

నా వల్ల జరిగిన ఒక నష్టం చెప్పాలి. 2018 డిసెంబరులో పెథాయ్ తుపాను వచ్చినప్పుడు నేను కాకినాడలో అద్దె ఇంట్లో ఉన్నాను. ఒక రాత్రీ ఒక పగలూ కరెంటు లేదు. ఫ్రీజరులో చిట్టెలుకలు కరిగాయి, కరెంటు వచ్చాక మళ్లీ గడ్డకట్టాయి. చూడటానికి బాగానే ఉన్నాయి. వారం తర్వాత వాటిలో ఒకటి పెట్టాను. మూడో రోజు పాము దాన్ని కక్కింది. పాముకు కక్కడమంటే మామూలు వాంతి కాదు, ఒంట్లోని జీర్ణరసాలు, నీరు అన్నీ పోతాయి. రెండు వారాలు ఏమీ పెట్టకుండా ఆగి, తర్వాత సగం సైజు ఎరతో మొదలుపెట్టి, మూడేసి వారాల ఎడంతో తినిపిస్తే పోయిన బరువు రావడానికి నాలుగు నెలలు పట్టింది. పన్నెండు గంటలు కరెంటు పోతే ఫ్రీజరులోని ఎర అంతా పారేయండి. డబ్బుల కోసం చూడకండి. తుపాను రోజుల్లో నెల రోజులు తినకపోయినా అది బతుకుతుంది.

పగలూ రాత్రీ నేలమీదే పడి ఉండటం, నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, నీళ్ల గిన్నెలో మిరియపు పొడిలాంటి నల్లని చుక్కలు: వీటిలో ఏది కనిపించినా ఆగకుండా పశువైద్యుణ్ణి కలవండి. ఆ నల్లని చుక్కలు పేలు. తినడం మొదలయ్యాక రెండు నెలలు దాటినా రెట్ట వేయకుండా తోక మొదలు దగ్గర ఉబ్బితే కూడా అంతే. చెట్ల మీది బోవాలు రెట్టను చాలా రోజులు ఆపుకుంటాయి, దానికీ ఒక హద్దు ఉంది. మన వైపు పశువైద్యులు ఎక్కువగా గేదెలనూ కోళ్లనూ చూస్తారు కనుక అవసరం రాకముందే ఒకరితో మాట్లాడి ఉంచుకోండి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ కూడా విచారించండి.

ఇది విషం లేని పాము. కానీ ముందు పళ్లు పొడవు, కరిస్తే రక్తం బాగానే వస్తుంది. లాగకండి, వదిలాక సబ్బుతో కడిగి టీటీ ఇంజెక్షను చేయించుకోండి. దీనికంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. రేపు అది తప్పించుకుందనుకోండి. చీకట్లో కొబ్బరి మట్టల కింద మచ్చల పాము కనిపిస్తే అది మీదే అనుకుని చెయ్యి పెట్టకండి. మన తోటల్లో రక్తపింజరి, కట్లపాము తిరుగుతాయి. వెలుతురు పడ్డాక, పొడవాటి కర్రతో, తెలిసినవాళ్ల సాయంతోనే. తొట్టెకు తాళం వేయండి. ఎప్పటికైనా పెంచలేమనిపిస్తే తోటలోగానీ కోరింగ మడ అడవిలోగానీ వదలకండి. పరాయి దేశపు పాము మన పక్షులకూ కప్పలకూ ముప్పు, మన పాములకు కొత్త జబ్బుల్ని కూడా మోసుకురావచ్చు.

కాగితాలు ఉన్నాయని ఒక్క మాటతో సరిపెట్టారు. ఈ జాతి సైటిస్, అంటే అరుదైన జంతువుల, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం, రెండో అనుబంధంలో ఉంది. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించారు, 2024లో నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం ఇలాంటి జంతువు మీ చేతికి వచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. అమ్మినవాళ్ల పేరున ఉన్న కాగితం మీకు సరిపోదు, బదిలీ కూడా నమోదు కావాలి. మీకు ఇంకా మూడు వారాలు ఉన్నాయి, ఈ వారంలోనే చేయండి.

ఈ రోజు తూచిన బరువు, బల్బు ఆర్పాక మధ్యాహ్నం రెండింటికీ రాత్రి పదింటికీ తొట్టెలో ఉన్న డిగ్రీలు, అమ్మినవాళ్లు చెప్పిన చివరి ఎర తేదీ నాకు రాసి పంపండి. అవి చూశాక తొలి ఎర ఏ సైజుదో చెబుతాను.